డ్రమ్ముకు రాసిన పసుపు

నిజామాబాద్,
దసరా అయిన నాలుగోనాడు

బాపూ, దండం. నాకేం దెబ్బ తగల్లే, రంది పడకు. ఇంట్ల ఉన్న ఒక్క ఫోనూ నీ జేబుల్నే ఉంటది. నా మీద అలిగి ఎత్తవు, అందుకే కార్డు రాస్తున్న.

మా షెడ్డుకు ఓ సేటుది పాతకాలం కారొచ్చింది. దాని బ్రేక్ లైనింగ్ యాడ దొరుకుతలేదు. ఉస్తాద్ వేరే బండ్లవి రెండు రకాలు తెచ్చి, ఏది ఎన్ని అడుగుల్ల ఆపుతదో సూస్తున్నడు. నిన్న నేను బ్రేక్ తొక్కితే కారు ఆగక గోడకు కొట్టుకున్నది. లైనింగే ఖరాబని ఉస్తాద్ దాన్ని పారేసిండు. తప్పు దానిది కాదు బాపూ. పండుగనాడు పొద్దుగాల షెడ్డుల పానలకు పెట్టినట్టే, విప్పి ఉన్న బ్రేక్ డ్రమ్ము లోపల గూడ నూనెల కలిపిన పసుపు రాసిన. ఆ జిడ్డుకే లైనింగ్ పట్టక జారింది. ఆయనకు ఇంకా చెప్పలే, భయమైతుంది. రేపు చెప్త.

ఆనాడు మాపటికి ఇంటికి పండుగకొచ్చి నీ జీపుకు లైనింగ్ మార్చినప్పుడు గూడ గట్లనే రాసిన. నేనొచ్చి మళ్ల మార్చేదాక జీపును బయటికి తియ్యకు. అవ్వ మోకాలు ఎట్లుంది? దవాఖానకు బస్సులనే తీస్కపో. ఆమెకు నా దండం చెప్పు.

నాతో మాట్లాడకున్నా మంచిదే. ఇది అందినంక ఒక్క మిస్డ్ కాల్ ఇయ్యి, సాలు.

నీ కొడుకు
ఆత్మారాం