నేను వేయని తాళం

పేపరు మిల్లులో ముప్పై మూడేళ్లు ఎలక్ట్రీషియనుగా పనిచేసి, పోయిన నెలలో రిటైరై, ఇరుగుపొరుగు చేత ‘టెస్టరు మావయ్య’ అని పిలిపించుకుంటున్న నేను, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, ఇష్టపూర్తిగా రాసుకుంటున్న వీలునామా ఇది. నా బుద్ధి స్థిరంగా ఉందని డాక్టరుగారు పరీక్షించి కాగితం ఇచ్చారు. “ఆయనకేం తెలుసు, ఒక్కరోజేగా చూసింది” అని మా ఆవిడ అంటోంది. ఒంట్లో జబ్బేమీ లేదు. అయినా ఇవాళే రాయడానికి కారణం ఐదు, ఆరు అంశాల్లో ఉంది. తొందరగలవాళ్లు నేరుగా అక్కడికే వెళ్లవచ్చు.

1. నా స్వార్జితమైన రెండు గదుల ఇల్లు, పై డాబాతో సహా, నా తదనంతరం దాన విక్రయాది సర్వహక్కులతో మా ఆవిడకు చెందవలెను. పడకగదిలో ఆరు నెలలుగా తిరగని ఫ్యాను కూడా అందులో భాగమే. “మిల్లంతా తిప్పారు, ఇంట్లో మూడు రెక్కలు తిప్పలేరా?” అని ఆమె రోజూ అడుగుతోంది. కెపాసిటరు మార్చాలి, అంతే. మార్చేముందు మెయిన్ ఆపాలి. తడి చేత్తో ఇస్త్రీపెట్టె ముట్టుకోవద్దని పెళ్లయిన నాటినుంచీ నోటితో చెప్పాను, ఇప్పుడు స్టాంపు కాగితం మీద చెబుతున్నాను.

2. నా మల్టీమీటరు, స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయరు అదే మిల్లులో రెండేళ్లుగా ఎలక్ట్రీషియనుగా ఉన్న నా కూతురికి చెందవలెను. రబ్బరు గ్లౌజులు మాత్రం ఎవరికీ ఇవ్వడం లేదు. వాటి పరీక్ష గడువు దాటిపోయింది. నాన్న గుర్తుగా దాచుకుంటే ఏదో ఒకరోజు ఎవరో ఒకరు వేసుకుంటారు, కనుక కత్తిరించి పారేయవలెను. అమ్మాయీ, వైర్‌మన్ పర్మిట్టుతో సరిపెట్టుకోకు. సూపర్‌వైజరు లైసెన్సు పరీక్ష రాయి. కంప్యూటరుతో నడిచే కొత్త ప్యానెళ్ల పని నేర్చుకో. నేను వాటికి దూరం నుంచే దణ్ణం పెట్టి తప్పించుకున్నాను, అందుకే ఉన్నచోటే ఉండిపోయాను. లైనులో కరెంటు లేదని ఎవరు చెప్పినా, చివరికి నేను చెప్పినా, మీటరు పెట్టి చూసుకున్నాకే చెయ్యి పెట్టు.

3. ప్లగ్గు లేకుండా వైరు కొసలు సాకెట్లో దోపి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు గుచ్చి, పదిహేనేళ్లుగా నీళ్ల మోటారు నడుపుతున్న పక్కింటాయనకు ఒక కొత్త మూడు పిన్నుల ప్లగ్గు. ఇది పుచ్చుకుంటే ఈ వీలునామాకు సాక్షి సంతకం పెట్టకూడదని లాయరుగారు చెప్పారు. ఆయన అలిగాడు. సంతకం మీద ఆయనకు చాలా మోజు ఉండేది.

4. ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యత మిల్లు స్టోరు గుమస్తాగారిది. ఒక్క ఫ్యూజు కోసం మూడు సంతకాలు తెమ్మని నన్ను కాళ్లరిగేలా తిప్పినప్పుడు ఆయన్ను మనసులో చాలా తిట్టుకున్నాను. నా వస్తువులు ఒకరివి ఇంకొకరికి పోకుండా చూడగలవాడు ఆయన తప్ప ఎవరూ నాకు తట్టలేదు.

5. మిల్లువారు నాకిచ్చిన ‘ఉత్తమ భద్రతా శిక్షకుడు’ షీల్డును ఎవరి పేరా రాయడం లేదు. అది నాది కాదు. మిల్లులో ఒక నియమం ఉంది. యంత్రం బాగుచేసే ప్రతి మనిషీ దాని స్విచ్చుకు తన పేరున్న తాళం తానే వేసి, తాళంచెవి జేబులో పెట్టుకోవాలి. స్విచ్చు మీద తాళం లేదంటే పనిలో మనిషి లేడని అర్థం. తొమ్మిదేళ్ల కిందట కాగితపు గుజ్జును రెక్కతో కలిపే తొట్టె ఆగిపోయింది. పైన కేబులు పని అదే మిల్లులో చేసే మా బావమరిదిది, తొట్టె అడుగున పని నాది. వాడు తాళం వేశాడు. నా తాళం భోజనం సంచిలో ఉంది. రెండు నిమిషాల పనికి అంత దూరం పోవడమెందుకని బద్ధకించాను. వాడు తన పని ముగించి తన తాళం తీసుకున్నాడు. ఇంకో తాళం కనబడలేదు గనక నేను టీకి వెళ్లాననుకున్నాడు. ఆపరేటరు బటను నొక్కాడు. రెక్క కదలగానే గట్టు పట్టుకుని ఎగబాకాను. మడమ విరిగింది, ప్రాణం దక్కింది.

విచారణలో నేను తాళం వేశాననీ, తాళంచెవి వాడి చేతికిస్తే వాడే రెండూ తీసేశాడనీ చెప్పాను. “అబద్ధమెందుకు చెప్తున్నావ్ బావా?” అన్నాడు వాడు అందరి ముందూ. నా సర్వీసు పెద్దది కాబట్టి నా మాటే నెగ్గింది. వాడి ఫైల్లో మచ్చ పడింది. నన్ను మందలించి వదిలేసి, దెబ్బతిన్నవాడు చెబితే నలుగురూ వింటారని నన్నే శిక్షకుణ్ణి చేశారు. వాడు మా గుమ్మం తొక్కడం మానేశాడు. ప్రమాదం జరిగిన రోజు సాయంత్రమే మా ఆవిడ టిఫిన్ బాక్సు కడగబోతూ సంచిలో తాళం చూసింది. తీసి అలమరలో పెట్టింది. విచారణ అయినప్పటినుంచి ఆదివారాలు తమ్ముడింటికి ఒక్కతే వెళ్లివస్తోంది. నాకు సిగ్గుగా ఉంది.

6. పై బహుమతులన్నీ నేను పోయాక అమలవుతాయి. ఇది మాత్రం అంతవరకూ ఆగదు. బుధవారం ఫోర్‌మన్ పోస్టుకు ఇంటర్వ్యూలు. ఆ మచ్చ ఉన్నంతవరకూ బావమరిదిని పిలవరు, వాడి వయసుకు ఇదే ఆఖరి అవకాశం. కనుక రేపు ఉదయం షిఫ్టు మొదలయ్యే ముందు, అందరినీ నిలబెట్టి జాగ్రత్తలు చెప్పే చోట, మేనేజరు ముందూ వాడి ముందూ నా కూతురి ముందూ నిజం చెప్పి, రాసిచ్చి, షీల్డు అప్పగించి వస్తాను. అమ్మాయి ముందు చెప్పడమే అన్నిటికన్నా కష్టం. అక్కడ నేను నీళ్లు నమిలితే, దీని నకలు పట్టుకుని పక్కనే ఉండే గుమస్తాగారు ఐదో అంశాన్ని గట్టిగా చదివి వినిపించవలెను. వాడు మళ్లీ నన్ను బావా అని పిలవాలని నాకు చాలా ఆశగా ఉంది. అది నా ఆస్తి కాదు, దాన్ని ఇందులో రాసుకునే హక్కు నాకు లేదు.

తేదీ: జూన్ పద్నాలుగు, ఆదివారం, సాయంత్రం నాలుగు గంటలు. మా ఆవిడ ఇంకా తమ్ముడింటి నుంచి రాలేదు.

(సంతకం)
టెస్టరు మావయ్య

సాక్షులు:
1. ఎదురింటి దర్జీ. సంతకం పెట్టడం కళ్లారా చూశాను. మనిషి బాగానే ఉన్నాడు.
2. బుద్ధికి కాగితం ఇచ్చిన డాక్టరు. రాసిచ్చిన మాట మీదే ఉన్నాను.