అమ్మకు పలుకులు వద్దు

తెనాలి,
19-12-1988.

చిరంజీవి దావీదుకు,

మీ బావ ఆశీర్వాదం వందనాలు. బాపట్లలో నువ్వు, చెల్లెమ్మ సుగుణ, పిల్లలు ప్రభువు కాపుదలలో ఉన్నారని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను.

నువ్వు రాసినట్టే చేశాను. ఏటా క్రిస్మస్‌కు మీ అక్క చేసే చాక్లెట్ ఈసారి రేపల్లె చేరకపోతే అత్తయ్యకు అనుమానం వస్తుందన్నావు. నిజమే. అక్టోబరులో రిబ్కాను సమాధి చేసి వస్తూ, అమ్మ గుండె తట్టుకోలేదు, ఇప్పుడే చెప్పొద్దు బావా అన్నావు. అక్క నడుము పట్టేసి మంచంలో ఉందని, డాక్టరు ప్రయాణం వద్దన్నాడని ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాం. పండక్కి ఆ మాట ఒక్కటే చాలదు.

చేసే పద్ధతి నాకు తెలుసనుకున్నాను. పెళ్ళయినప్పటి నుంచీ వంటింటి గుమ్మంలో నిలబడి చూసినవాణ్ణే. పంచదార పాకంలో పాలపొడి, కోకో పొడి, వెన్న కలిపి, నెయ్యి రాసిన పళ్ళెంలో పోసి ముక్కలు కోయడం. మొదటిసారి పాకం మాడింది. పక్కింటి జైనబ్ బీ ఆ వాసనకు పిట్టగోడ దగ్గరికొచ్చి, కాలేజీలో కెమిస్ట్రీ కూడా ఇలాగే చెబుతారా సార్ అంది. నవ్వించాలనే అంది. వెంటనే కొంగు కళ్ళకు అద్దుకుని లోపలికి పోయింది. రెండోసారి కుదిరింది. నువ్వు పంపిన వేటపాలెం జీడిపప్పు చిన్న పలుకులు చేసి అంతా వేశాను. రంగు కాగితాల్లో చుట్టి, మీ అక్క వాడే బిస్కెట్ డబ్బాలోనే సర్దాను. చేతులకు పని ఉన్నంతసేపు ఫరవాలేదు. మూత పెట్టాక లేవలేకపోయాను.

నిన్న ఆరాధన అయ్యాక రేపల్లె బండి ఎక్కాను. అత్తయ్య మంచం మీద గోడకు చేరబడి ఉంది. మనిషి బాగా తగ్గింది. తోడుండే కృపమ్మ డబ్బా చూసి, వచ్చిందమ్మా మీ అమ్మాయి ఫ్యాక్టరీ సరుకు అంది. అత్తయ్య ఒక ముక్క తిని, బాగుంది బాబూ అంది. అమ్మాయి నడుము ఎలా ఉందని అడిగింది. కొంచెం నయమన్నాను. లేవనివ్వకండి అంది. అంతే.

ఆవిడకు ఏ అనుమానమూ లేదు. పండక్కి వెళ్ళినప్పుడు నువ్వూ ఇదే మాట మీద ఉండు.

నీ బావ,
ఆశీర్వాదం.

తా.క. పైన అత్తయ్య గురించి రాసింది ఆవిడ రాయమన్నట్టు రాశాను. అలాగే పోస్టు చేయడం నా వల్ల కాలేదు.

ఆవిడకు పళ్ళు లేవు. తెలిసీ నాకు తోచలేదు. రిబ్కా ఏటా అమ్మ కోసం పలుకులు వేయని ముక్కలు విడిగా చేసి డబ్బాలో పైన పెట్టేదట. ఆ సంగతి నీకూ తెలిసినట్టు లేదు. అత్తయ్య ముక్కను నోట్లో కరగనిచ్చి, మిగిలిన జీడిపలుకులు అరచేతిలోకి తీసి చూసుకుంది. కృపమ్మను మంచినీళ్ళకు పంపింది. ఎప్పుడు పోయింది బాబూ అని అడిగింది.

నడుము నొప్పి అని ఇంకా ఏదో చెప్పబోయాను. నడుము పడిపోతే నోరు పడిపోదు కదా, అమ్మకు పలుకులు వద్దని మంచంలోంచైనా చెప్పేది నా బిడ్డ అంది. అప్పుడు చెప్పాను. ఆవిడ ఏడవలేదు. వాడికి చెప్పకండి, నా కోసం ఇంత దాచాడు, నాకు తెలిసిపోయిందంటే తట్టుకోలేడు అంది.

ఆవిడ గురించి నువ్వన్న మాటే.

పండగ రోజు అక్క కులాసాగా ఉందని నువ్వు చెబుతావు. నమ్మినట్టు ఆవిడ తల ఊపుతుంది. అది వద్దు. వెళ్ళి పక్కన కూర్చో. ఏడుపొస్తే ఏడువు. ఆవిడను ఏడవనివ్వు.

ఈ రోజు మళ్ళీ చేశాను. పలుకులు వేయలేదు. రేపల్లె వెళ్తూ తెనాలిలో దిగి డబ్బా తీసుకెళ్ళు.