మా క్లబ్బుకి ఏ శిక్ష

ఫిబ్రవరి 8, ఆదివారం

ఫుట్‌బాల్ లీగ్ వాళ్ళ ఉత్తరం ఫోన్‌లో వచ్చింది. పీడీఎఫ్. నాలుగు పేజీలు. షాపులో స్టీలు బిందెలు తుడుస్తూ మొదటి పేజీ చదివాను. మిగతా మూడూ కూర్చుని చదివాను.

మూడు వారాల కిందట వంశధార ఎఫ్.సి. కప్పు గెలిచిందని నరసన్నపేట మెయిన్ రోడ్డు మీద బాణసంచా కాల్చాం. లీగ్ మొదలైన పదకొండేళ్ళలో మాకు మొదటి కప్పు. ఇప్పుడు ఆడిట్‌లో తేలింది, మా క్లబ్బు రెండు లెక్కల పుస్తకాలు నడిపిందట. సీజన్‌కి ఆరు లక్షలు మించి ఖర్చు పెట్టకూడదని లీగ్ రూలు. చూపించిన పుస్తకంలో ఐదు లక్షల ఎనభై వేలు. దాచిన పుస్తకంలో పదకొండు లక్షలు. కలకత్తా నుంచి తెచ్చిన ఇద్దరు ప్లేయర్ల జీతాలన్నీ ఆ రెండో దాంట్లోనే ఉన్నాయి.

అందులో రెండు లక్షల నలభై వేలు ఆడపిల్లల టీముది. బజార్లో షాపు షాపూ ఎక్కి దిగి నేను వసూలు చేసిన డబ్బు. సపోర్టర్స్ అసోసియేషన్ సెక్రటరీని కదా.

శిక్ష ఎలా ఉండాలో అభిమానులు కూడా ఒక పేజీ రాసి ఇవ్వవచ్చట, ఇరవయ్యో తేదీలోగా. విచారణ ఇరవై ఎనిమిదిన, విజయనగరంలో.

ఫిబ్రవరి 9

గిరిబాబు అన్న ఫోన్ ఎత్తడం లేదు. క్లబ్బు ప్రెసిడెంటే ఎత్తకపోతే ఇంకెవరిని అడగాలి?

ఫిబ్రవరి 11, బుధవారం

మధ్యాహ్నం షాపు మూసే టైముకి మీటింగ్ పెట్టాను. ఇరవై మంది వచ్చారు. కుర్చీలు చాలక కొందరు తిరగేసిన గంగాళాల మీద కూర్చున్నారు. నా భర్త వెంకటరావు సొట్టలు పడతాయని గొణుగుతూ లోపలికి వెళ్ళిపోయాడు.

నరసింగరావు గారు మొదలుపెట్టారు. ఆర్టీసీలో కంట్రోలర్‌గా రిటైరయ్యారు, గొంతు ఇంకా బస్టాండులోనే ఉంది. అన్ని క్లబ్బులూ ఇదే చేస్తున్నాయట, మనం దొరికామంతే. జరిమానా వేస్తే కట్టేద్దాం, కప్పు మాత్రం ముట్టుకోనివ్వను అన్నారు. చప్పట్లు.

జరిమానా ఎవరు కడతారు అని అడిగాను. అందరం వేసుకుందాం అన్నారు. అంటే మళ్ళీ నేనే రసీదు పుస్తకం పట్టుకుని బజారుకి. తప్పు చేసింది క్లబ్బు, కట్టేది తాళాలు అమ్ముకునే ముసలాయన.

పాయింట్లు కోస్తే సరిపోతుందని ఎవరో అన్నారు. మా గోల్ కీపర్ ధర్మేంద్ర అంతవరకూ గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. పగలంతా ఆటో తోలి సాయంత్రం ప్రాక్టీసుకి వచ్చే మనిషి. లెక్కలు తను రాయలేదని, పాయింట్లు కోస్తే తన మోకాలి చిప్పల్లోంచి కోసినట్టేనని అన్నాడు.

చివర్లో జగన్నాధం తాతగారు లేచారు. పక్క ఊళ్ళో మూడెకరాల వరి. గ్రౌండు పశువుల సంతగా ఉన్న రోజుల నుంచీ ఒక్క మ్యాచీ మానలేదు.

“కప్పు తిరిగిచ్చీండి. మనది కానిది ఇంట్లో ఎట్టుకుంటే నిద్దర పట్టదు” అన్నారు.

ఎవరో నవ్వారు. పెద్దాయన కూర్చున్నారు. ఆయన పక్షాన నేను మాట్లాడాల్సింది. గ్లాసులు సర్దాను.

ఫిబ్రవరి 12

వాట్సాప్ గ్రూపులో పోల్ పెట్టారు. జరిమానా చాలు: 44. పాయింట్లు కోయాలి: 9. కప్పు తిరిగివ్వాలి: 2. ఆ రెండులో ఒకటి నాది. తాతగారిది బటన్ ఫోను. రెండోది ఎవరిదో తెలియదు.

ఆడపిల్లల డబ్బు గురించి ఆప్షనే లేదు.

ఫిబ్రవరి 15, ఆదివారం

శ్రావణి వచ్చింది. ఆడపిల్లల టీము కెప్టెన్. కళింగపట్నం నుంచి వారానికి మూడు రోజులు బస్సెక్కి ప్రాక్టీసుకి వస్తుంది. డిగ్రీ రెండో సంవత్సరం. నేను కాఫీ ఇస్తే తాగలేదు.

డిసెంబరులో వాళ్ళు అనంతపురం టోర్నమెంటుకి వెళ్ళాల్సింది. బ్యాగులు సర్దుకుని గ్రౌండుకి వచ్చాక బస్సు దొరకలేదని గిరిబాబు అన్న చెప్పి పంపేశాడు. పదహారు మంది పిల్లలు. అందులో ఇద్దరికి పెళ్ళిళ్ళు కుదిరాయి, వాళ్ళకి ఇక వచ్చే ఏడాది అనేది లేదు.

“అక్కా, క్లబ్బుకి శిక్ష ఏటని అందరూ కొట్టుకుంటన్నారు. మాకు పడిపోనాది కదా. అది ఎవులు ఏసినారు?”

కోపంగా కూడా అనలేదు. అడిగింది, అంతే. నేను కౌంటర్ మీది కాగితాలు అటూ ఇటూ జరిపాను.

ఫిబ్రవరి 16, తెల్లవారుజాము 5.30

ఇక్కడైనా రాయాలి.

నాకు తెలుసు.

డిసెంబరు మొదటివారంలో గిరిబాబు అన్న షాపుకి వచ్చాడు. గోళీసోడా తాగుతూ, మామూలుగా, కరెంటు బిల్లు గురించి చెప్పినట్టు చెప్పాడు. ఆడపిల్లల డబ్బు ప్రస్తుతానికి మగపిల్లల టీముకి వాడుతున్నామని, కప్పు వస్తే స్పాన్సర్లు వాళ్ళంతట వాళ్ళే వస్తారని, అప్పుడు పిల్లల్ని విమానంలో పంపుదామని. నేను ‘సరే అన్నా, చూడు’ అన్నాను. ఒక్క ప్రశ్న అడగలేదు. రసీదు అడగలేదు. టోర్నమెంటు ఎప్పుడో నాకు తేదీతో సహా తెలుసు.

ఎందుకంటే నాకు కప్పు కావాలి. చిన్నప్పుడు నాన్న సైకిల్ మీద కూర్చోబెట్టుకుని ఆ గ్రౌండుకి తీసుకెళ్ళేవారు, మేము ఎప్పుడూ ఓడిపోయేవాళ్ళం. ఫైనల్లో ఆ కలకత్తా కుర్రాడు తలతో గోల్ కొట్టినప్పుడు నా గొంతు పోయింది. రెండు రోజులు షాపులో సైగలతో బేరాలు చేశాను. అది ఎవరి డబ్బుతో కొట్టిన గోలో ఆ క్షణంలో కూడా నాకు తెలుసు.

ఇప్పుడు శిక్షల గురించి మీటింగులు పెడుతున్నాను. సిగ్గు లేదు.

ఫిబ్రవరి 18

అసోసియేషన్ తరఫున పేజీ రాశాను. కప్పు తిరిగివ్వాలి. గిరిబాబు దిగిపోవాలి. ఆడపిల్లల డబ్బు వెనక్కి వేసేదాకా క్లబ్బు ఒక్క కొత్త ప్లేయర్‌ని తీసుకోకూడదు. నరసింగరావు గారు ఎర్ర పెన్నుతో మూడూ కొట్టేశారు. మిగిలింది ‘జరిమానా వాయిదాల్లో కట్టుకునే వీలు కల్పించగలరు’. కింద నా సంతకం కోసం ఖాళీ వదిలారు.

ఫిబ్రవరి 20

సంతకం పెట్టలేదు. నరసింగరావు గారే పెట్టి పంపించుకున్నారు.

ఫిబ్రవరి 28, శనివారం

విజయనగరం. పొద్దున్న బస్సులో వెళ్ళాను. వెంకటరావు వద్దన్నాడు. నీకెందుకు, వ్యాపారం చేసుకునేవాళ్ళం, రేపు అందరి మొహాలూ చూడాలి అన్నాడు. అబద్ధమేం కాదు.

లీగ్ ఆఫీసు ఒక కాంప్లెక్స్ మూడో అంతస్తు. కమిటీ ముగ్గురు. ఒకాయన మధ్యమధ్యలో ఫోన్ చూసుకుంటున్నాడు. ముందు గిరిబాబు అన్నని పిలిచారు, తలుపు తీసే ఉంది, అన్నీ వినపడ్డాయి. తప్పు ఒప్పుకున్నాడు. తన జేబులోకి రూపాయి వెళ్ళలేదన్నాడు. నిజమే. అదే నాకు మండుతుంది. దొంగ అయితే తిట్టేసి ఇంటికి పోవచ్చు. ఈయన గ్రౌండు చుట్టూ కంచె వేయించడానికి సొంత బండి అమ్ముకున్నాడు.

తర్వాత అభిమానుల తరఫున నన్ను పిలిచారు. నా కాగితం నేను చదివాను. మొదటి మూడు పాయింట్లూ చదివి, నాలుగోది కూడా చదివాను. డబ్బు మళ్ళించిన సంగతి సెక్రటరీగా నాకు డిసెంబరులోనే తెలుసని, చెప్పలేదని, నా మీద కూడా చర్య తీసుకోవాలని. ఫోన్ చూసుకుంటున్నాయన తల ఎత్తాడు. ఇది మినిట్స్‌లో రాయాలా అని పక్కాయన్ని అడిగాడు.

మెట్ల మీద గిరిబాబు అన్న నా కోసం ఆగి ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు.

“నాను తిన్నానేటి సెల్లీ, సెప్పు.”

“తినలేదన్నా. అందుకే మేమందరం ఊరుకున్నాం.”

ఇద్దరం ఒకే బస్సులో తిరిగి వచ్చాం. నేను ముందు, ఆయన వెనక.

మార్చి 1

పొద్దున్న లేచేసరికి గ్రూపులోంచి తీసేశారు.

మార్చి 4

నరసింగరావు గారు షాపు ముందునుంచి వెళ్తూ తల తిప్పుకున్నారు. వాళ్ళ మనవరాలి పెళ్ళికి సామాన్ల ఆర్డరు మా దగ్గరే ఇస్తామన్నారు, అది పోయినట్టే. వెంకటరావు ఆర్డరు పుస్తకంలో ఆ పేజీ కొట్టేశాడు. తిట్టినా బాగుండేది.

మార్చి 9, సోమవారం

తీర్పు వచ్చింది.

వచ్చే సీజన్ మైనస్ పది పాయింట్లతో మొదలుపెట్టాలి. లక్షన్నర జరిమానా, వాయిదాల్లో కట్టుకోవచ్చు. కప్పు పదిహేను రోజుల్లో లీగ్ ఆఫీసులో అప్పగించాలి. గిరిబాబు అన్న ఇన్నేళ్ళ సేవని దృష్టిలో పెట్టుకుని ఆయనకి హెచ్చరిక. ప్రెసిడెంట్‌గా ఉండవచ్చు. నేను స్వయంగా ఒప్పుకున్నందువల్ల రెండేళ్ళపాటు ఏ పదవిలోనూ ఉండకూడదు.

ఆడపిల్లల గురించి ఒక్క లైను లేదు. నాలుగు పేజీలూ రెండుసార్లు వెతికాను.

ధర్మేంద్ర ఆటో షాపు ముందు ఆపి, మైనస్ పది అంటే మూడు మ్యాచీలు గెలిచినా ఇంకా సున్నా కింద ఒకటి అని లెక్క చెప్పి వెళ్ళాడు. పోల్‌లో రెండో ఓటు తనదేనట. మీటింగులో అంత గట్టిగా మాట్లాడిన మనిషి ఇది ఇన్నాళ్ళూ చెప్పలేదు. నేను మాత్రం ఏం చెప్పాను గనక.

నాకు శిక్ష పడినందుకు బాధ లేదు. అడిగి తెచ్చుకున్నాను. కానీ అడిగినవాటిలో కప్పు ఒక్కటి తప్ప పూర్తిగా నెరవేరింది నా శిక్ష మాత్రమే. దానికి మాత్రం కోపం వస్తోంది.

మార్చి 20

గడువు ఇంకా నాలుగు రోజులు. కప్పు నరసింగరావు గారి ఇంట్లో అద్దాల బీరువాలో ఉంది. కావాలంటే వాళ్ళే వచ్చి పట్టుకుపోతారు అంటున్నారట. గిరిబాబు అన్న ఊళ్ళో లేడంటున్నారు, ఉన్నాడని అందరికీ తెలుసు.

మార్చి 22, ఆదివారం

జగన్నాధం తాతగారు యూరియా సంచి ఒకటి భుజాన వేసుకుని షాపుకి వచ్చారు. కౌంటర్ మీద పెట్టి మూతి విప్పారు. కప్పు. నరసింగరావు గారి ఇంటికి వెళ్ళి అరుగు మీద కూర్చున్నారట, ఇచ్చేదాకా లేవనని. పొద్దున్న ఎనిమిదికి కూర్చుంటే పదకొండున్నరకి ఇచ్చారట. మధ్యలో ఆ ఇంటావిడ టిఫిన్ కూడా పెట్టిందట.

తన మోకాళ్ళు బస్సెక్కవు, నువ్వే తీసుకెళ్ళమ్మా అన్నారు. నాకు ఏ పదవీ లేదు తాతా అన్నాను.

“మొయ్యడానికి పదవేటమ్మా” అన్నారు.

శ్రావణికి ఫోన్ చేశాను. తనూ వస్తానంది. పదహారు మంది పిల్లలూ సంతకాలు పెట్టిన అర్జీ ఉందట, లీగ్ వాళ్ళ చేతికే ఇవ్వాలట.

మార్చి 23, సోమవారం

బస్సులో ఆడవాళ్ళం కాబట్టి ఇద్దరికీ సున్నా టికెట్లు. సంచి మూతి జారి కప్పు బయటపడింది. కండక్టర్ అది చూసి మురిసిపోయి, ఏం గెలిచారమ్మా అని బస్సంతా వినపడేలా అడిగాడు.

నేను సంచి ఒళ్ళోకి లాక్కున్నాను.

శ్రావణి సంచి మూతి ముడి వేసి చెప్పింది. “ఏటీ గెలవనేదండి. ఇచ్చీడానికి ఎల్తన్నాం.”

ఆయన అర్థం కాక ఇంకోసారి అడిగాడు. తను ఇంకోసారి చెప్పింది.