సీసాన్ని ఎవరు తింటారు?

యానాం,
4 మే 1979

పూజ్యులైన వరదరాజులు బాబాయిగారికి, మీ ఇంటి మేడగదిలో అద్దెకుంటున్న త్రిమూర్తులు నమస్కరించి రాసేది.

సెలవులకు క్షేమంగా ఇంటికి చేరాను. మీకు తెలుగు చదవడం రాదు గనుక ఈ ఉత్తరం మీ అమ్మాయి గిరిజ చదివి వినిపిస్తుందని నా నమ్మకం. అక్షరాలు నేర్పింది నేనే కదా!

మనవి ఒక్కటే. మూతబడిన వెంకటకృష్ణయ్యగారి ప్రెస్సు నుంచి తెచ్చుకున్న తెలుగు సీసపు అచ్చు అక్షరాలతో ఎనిమిది పేజీలు పేర్చి, దారాలతో కట్టి మెట్ల కింద ఉంచాను. మూడువందల పన్నెండు అరుదైన మాటలు, వాటి అర్థాలు. మీ ఊళ్ళో తప్ప ఎక్కడా వినబడని తెలుగు. కాగితం మీద ఒక్క ముక్క రాసుకోలేదు, నేరుగా అక్షరాలే పేర్చాను. కాగితాన్ని చెదలు తింటాయి, సీసాన్ని ఎవరు తింటారు? జూలైలో కాకినాడ సాహిత్య సభలో నా పుస్తకం ఆవిష్కరిస్తామన్నారు. అంతదాకా నా పంటను కాపాడే భారం మీదే.

మీ విధేయుడు,
త్రిమూర్తులు, బి.ఏ. రెండో సంవత్సరం

తా.క.: జవాబు రాసేటప్పుడు దీర్ఘాలు మరిచిపోవద్దని గిరిజకు చెప్పండి.

*

పుదుచ్చేరి,
12 మే 1979

తంబి త్రిమూర్తులుకు వరదరాజులు దీవెనలు. నేను చెప్తా ఉండా, పాప్ప రాస్తా ఉండాది.

నీ జాబు పాప్ప చదివి వినిపించింది. పంటను నక్కల నుంచి కాపాడమని రాసినావంట. ఏంబలంలో నా మల్లాట్ట (మీ వేరుశెనగ) చేను సంగతి నీకు యాడ తెలిసింది తంబీ? కన్న కొడుకన్నా అడగడు ఇట్ల! నక్కలు మట్టి తవ్వి కాయలన్నీ తినేస్తా ఉండాయి. ఫ్రెంచి పటాలంలో పదకొండేండ్లు చేసినోణ్ణి, లైసెన్సు తుపాకి ఉండాది, గుండ్లు లేవు. చిన్న గుండ్లు ఇంట్లోనే పోసుకుంటా, మూస ఉండాది. సీసమే దొరకలా. నీకు తెలిసిన తావు ఏదన్నా ఉంటే రాయి.

ఇట్లు,
వరదరాజులు (వేలిముద్ర కాదు, ఫ్రెంచిలో సంతకం)

తా.క.: దీర్ఘాలన్నీ పెట్టాను. ఎక్కువైనవి మీ దగ్గర ఉంచుకోండి. - గిరిజ

*

యానాం,
20 మే 1979

బాబాయిగారికి త్రిమూర్తులు నమస్కారాలు.

నక్కలా? నేను నక్కల మాటే ఎత్తలేదే! పంట అన్నది పొలం కాదండీ, అలంకారం. నా పంట మీ మెట్ల కింద కొయ్యపెట్టెలో ఉంది. ఒకసారి మూత తీసి చెమ్మ తగిలిందేమో చూడండి. అది వట్టి సీసం కాదు, నా ప్రాణం. నేను రాజులా సభలోకి నడిచేది దాని మీదుగానే.

మీ అమ్మగారు మంగళమ్మగారి మాసికానికి రాలేకపోయాను. పాపం, పెద్దావిడ పాతకాలపు మాటలు సాయంత్రాలు నాకు మంచి కాలక్షేపం.

భావి నిఘంటుకర్త,
త్రిమూర్తులు

తా.క.: గిరిజను పెట్టె తాకనివ్వకండి. మొదటి పేజీలో నా పేరు పెద్ద అక్షరాలతో ఉంది, చెదిరితే మళ్ళీ పేర్చడం కష్టం.

*

పుదుచ్చేరి,
29 మే 1979

బంగారు తంబికి వరదరాజులు ఆశీర్వాదం.

నీ మనసు ఎంత పెద్దది! మెట్ల కింద సీసం ఉండాది, ఒకసారి మూత తీసి చూడు, అంతా నీకే అని రాసినావంట. పాప్ప చదివేటప్పుడు నాకు కండ్లల్లో నీళ్ళొచ్చినాయి. కురుచికుప్పం పెరుమాళ్ వలలకు సీసం బరువులు పోస్తాడు గదా, వాణ్ణి పిలిచి చూపించినా. గోటితో గీరి చూసి, "ఇది మామూలు సీసం కాదన్నా, గట్టి సరుకు" అన్నాడు. ముక్కలన్నీ చీమల తలకాయల మాదిరి వంకర టింకరగా ఉంటే, ఏందిరా ఇది అనుకొన్నా. గరిటెలో వేస్తే అన్నీ ఒకటైపోయినాయి.

పెరట్లో టెంకాయ చిప్పల బొగ్గు మీద రెండు దినాలు పోసినా. ఒక్కో గుండు ముత్యం మాదిరి వచ్చింది. నీళ్ళల్లో పడితే సుయ్యిమంటాది. చేతికి బొబ్బ లేచింది, పోనీ. నీ పేరు చెప్పుకొని కాలుస్తా.

వరదరాజులు

తా.క.: దారాలు భద్రంగా ఉన్నాయి. ఎనిమిది. - గిరిజ

*

యానాం,
5 జూన్ 1979

ఆపండి! ఆపండి! ఆపండి!

ఏం చేశారో మీకు తెలుస్తోందా? అవి నా మాటలు! ఆ పుస్తకం లేకపోతే కాకినాడ సభలో నేనేమని నిలబడను? ఆహ్వానపత్రాల్లో నా పేరు అచ్చయిపోయింది. అక్షరం ముక్క రాని ఒక ముసలమ్మ నోట్లో పుట్టి ఆ నోట్లోనే చచ్చిపోవలసిన మాటలకు ప్రాణం పోసినవాణ్ణి నేను. మీరు వాటిని నక్కల మీద కాల్చారు!

గిరిజా, ఈ ఉత్తరమైనా మీ నాన్నకు ఉన్నది ఉన్నట్టు చదువు.

త్రిమూర్తులు

తా.క.: కాల్చని గుండ్లేమన్నా మిగిలాయా?

*

పుదుచ్చేరి,
13 జూన్ 1979

త్రిమూర్తులు గారికి, మీ దగ్గర అక్షరాలు నేర్చుకున్న గిరిజ రాసేది. ఈ ఉత్తరం నాన్న చెప్పలేదు.

మీ చివరి జాబు ఆయనకు చదవలేదు. అంతకు ముందువి చదివాను, నాకు తోచినట్టు. మీ జాబుల్లో నక్కలూ, "అంతా నీకే" అన్న మాటా నేను పెట్టినవే. మీరు ఊరికి పోయిన మర్నాడే పెట్టె తెరిచాను. అవ్వ మాటలను ముట్టుకోవాలనిపించింది, అంతే. అక్షరాలు తిరగబడి ఉంటే అద్దం పట్టుకొని చదివాను. మొదటి పేజీ: "త్రిమూర్తులు మాటల కోశం". ఎనిమిది పేజీలూ వెతికాను, మంగళ అనే పేరు యాడా లేదు. ఒక్క చోట మాత్రం "ఒక నిరక్షరాస్యురాలు" అని ఉంది. ఆ మాటకు అర్థం తెలియక మీరిచ్చిన నిఘంటువులోనే చూశాను.

ఆరో పేజీలో ఇంకోటి: "నెనరు - ప్రేమ. నేడు వాడుకలో లేదు." చనిపోయే ముందు రోజు కూడా అవ్వ నా తల నిమురుతూ ఆ మాట అన్నది. మీరు పక్కనే కూర్చొని అక్షరాలు పేర్చుకొంటా ఉండారు.

ఆ కోపంతోనే నాన్న చేతికి గరిటె ఇచ్చాను. గరిటె ఇచ్చినాక ఆ కోపం రెండు దినాలే ఉంది. అప్పటికి సీసం మిగల్లేదు. గుర్తున్నవన్నీ రాసిన నా నోటుపుస్తకంలో నూటతొంబై మాటలు ఉన్నాయి. మిగతా నూట ఇరవైరెండు ఏంబలం మట్టిలో ఉండాయి. ఆ పాపం మీది కాదు, నాది. తల్లి మాటలనే నక్కల మీద కాల్చానని తెలిస్తే నాన్న అన్నం ముట్టడు, అందుకే చెప్పలేదు. మీరూ చెప్పొద్దండి. నక్కలు ఒక్కటీ చావలేదు. నాన్నకు చూపు ఆనడం లేదు.

నోటుపుస్తకం మొదటి పేజీలో అవ్వ పేరుంది. దాని కింద తావు ఖాళీ. కావాలంటే వచ్చి, అవ్వ పేరుకన్నా చిన్న అక్షరాలతో మీ పేరు రాసుకోండి. మిగతా మాటలు మీకు ఎన్ని గుర్తుంటే అన్ని చెప్పండి, రాస్తాను.

గిరిజ, మంగళ మనవరాలు

తా.క.: కాల్చని గుండు ఒకటుంది, పార్సెలు చేస్తున్నాను. మొదటి పేజీని విడిగా పోయించాను. మీ పేరు మొత్తం అందులోనే పట్టింది.