గూడెంలో వదిలేసిన స్ప్లింట్లు

ఫిబ్రవరి 10, 2007, శనివారం

జాయ్సీ నడిచింది.

ఇంకోసారి రాసుకుంటాను. నా కూతురు జాయ్సీ, ఐదేళ్ళది, పుట్టగానే ఏడవలేదు, మెదడుకు ఆక్సిజన్ అందలేదు, కాళ్ళు బిగుసుకుపోతాయి అని డాక్టర్లు చెప్పిన పిల్ల, ఇవాళ ఏలూరు ఫిజియోథెరపీ క్లినిక్‌లో గోడ వదిలేసి నా దాకా నడిచి వచ్చింది. ఎవరూ పట్టుకోలేదు. మడమలు నేలకి ఆనాయి. వచ్చి నా ఒళ్ళో పడి, నా చీరకే ముక్కు తుడుచుకుంది.

తహసీన్ చప్పట్లు కొట్టలేదు. ఫిజియో ఆవిడ. నాకన్నా చిన్నది, నోరు మాత్రం మా హెడ్‌మాస్టర్‌ది. వెంటనే పిక్క నుంచి పాదం దాకా పట్టి ఉంచే ప్లాస్టిక్ స్ప్లింట్లు తొడిగేసి, వీటి వల్లే మడమ దిగిందండీ విక్టోరియా గారూ, పగలు ఇవి వేసుకునే నడవాలి, పడుకున్నా కాళ్ళకుండాలి అంది. ఈ వయసులో ఎముక గబగబా పెరుగుతుందట, పిక్క కండరం వెనకబడిపోతుందట. సాగదీసి ఉంచకపోతే పిల్ల మళ్ళీ మునివేళ్ళ మీదకి లేచిపోతుందట. ఇక అప్పుడు ఆపరేషనేనట. సంతోషించడానికి ఐదు నిమిషాలైనా ఇవ్వదు మనిషి.

ఇంట్లో చెప్పలేదు. కిందటేడు పిల్ల ఆసరా లేకుండా కూర్చుందని చెబితే వీధి వీధంతా వచ్చి చూసి వెళ్ళింది, తెల్లారేసరికి జ్వరం. చర్చికి వెళ్ళేదానివి, పిల్లలకి పాఠాలు చెప్పేదానివి, నీకు దిష్టి ఏమిటే అని నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా చెప్పలేదు. ఈస్టర్‌కి ముందొచ్చే మట్టలాదివారం నాడు అది చేత్తో ఈతాకు పట్టుకుని, స్ప్లింట్ల మీద టకటకమంటూ చర్చిలోకి నడిచి వస్తుంది. అప్పుడు చూద్దురుగాని అందరూ.

ఫిబ్రవరి 11, ఆదివారం

ఆయన ఉండి ఊరి నుంచి వచ్చారు. కిందటేడు కొల్లేట్లో మా చెరువు గట్లు సర్కారు వాళ్ళు కొట్టేసిన దగ్గర్నుంచి ఆయనకి అక్కడ చేపల చెరువుల మీదే పని, ఇంటికి ఆదివారం ఒక్కపూట. ఎందుకలా నవ్వుకుంటున్నావని అడిగారు. మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

ఫిబ్రవరి 22, గురువారం

ఏలూరులో టీచర్లకి ట్రైనింగ్ వేశారు. ఆదివారం కూడా ఉందట, ఎవడి బుర్రలో పుట్టిందో. ఆ రోజే తాడేపల్లిగూడెంలో స్వస్థత కూటం, రోగుల కోసం ప్రార్థన చేసే సభ. అత్తయ్య పిల్లని తీసుకువెళ్తానన్నారు. సరేనన్నాను. కాదనడానికి నోరెలా వస్తుంది? నేను స్కూల్లో ఉంటే దాన్ని చూసేది ఆవిడే. తహసీన్ నేర్పిన స్ట్రెచింగ్ నేను గబగబా చేసి వదిలేస్తాను. ఆవిడ మాత్రం పాట పాడుతూ, పిల్ల ఏడవకుండా చేయిస్తారు. ఆవిడకా, రెండు మోకాళ్ళూ నొప్పులే.

ఫిబ్రవరి 25, ఆదివారం, సాయంత్రం 6

ఇప్పుడే వచ్చారు.

ఆటో దిగుతూనే అత్తయ్య నా మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చేశారు. విక్టోరియా, మన పిల్ల నడిచిందమ్మా, వేల మంది ముందు నడిచిందమ్మా అన్నారు. కాళ్ళకి నూనె రాయడానికి స్ప్లింట్లు తీశారట. ప్రార్థన అయ్యాక ఈవిడే పిల్లని కింద నిలబెట్టి చేతులు వదిలారట. అది నడిచిందట. పందిరి పందిరంతా హల్లెలూయ అని లేచిందట. మైకు చేతికిస్తే ఈవిడ సాక్ష్యం చెప్పారట. పిల్ల కాళ్ళు బాగయ్యాయి, నా మోకాళ్ళ నొప్పి కూడా చేత్తో తీసేసినట్టు పోయింది అని. స్ప్లింట్లు అక్కడ ప్రార్థన హాల్లో, బాగైనవాళ్ళు తమ చంక కర్రలూ కాలి ఇనుప పట్టీలూ తగిలించే తీగకి తన చేత్తోనే తగిలించి వచ్చేశారు.

అప్పుడైనా చెప్పాల్సింది. అత్తయ్యా, అది ముందే నడిచిందండీ అని. ఆవిడ మొహం చూశాను. నా పెళ్ళయ్యాక ఆ మొహం అలా వెలగడం ఎప్పుడూ చూడలేదు. పిల్లని ఎత్తుకుని లోపలికి వచ్చేశాను.

రెండు వారాల కిందట చెప్పి ఉంటే ఆవిడ సంతోషించే మామ్మ. ఇప్పుడు చెబితే వేల మంది ముందు అబద్ధ సాక్ష్యం చెప్పిన మనిషి. ఆవిడ్ని అలా చేసింది నేను. నా దిష్టి భయం.

ఫిబ్రవరి 27, మంగళవారం

స్టాఫ్ రూమ్‌లో అందరూ అభినందించారు. అందరికీ థాంక్స్ చెప్పాను. సిగ్గులేకుండా.

మార్చి 3, శనివారం

పెరట్లో జాయ్సీ పట్టుకుని నిలబడ్డానికి ఆయన చెరువు వెదుళ్ళతో రెండు వరసలు కట్టారు. ఇవాళ చూస్తే లేవు. నడిచే పిల్లకి వెదుళ్ళెందుకని అత్తయ్య విప్పించి చిక్కుడు పాదుకి పందిరి వేయించారు.

తహసీన్‌కి జరిగిందంతా చెప్పేశాను. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. మీ దేవుడి సంగతి నేను మాట్లాడనండీ, పిక్క సంగతి మాట్లాడతాను అంది. పొద్దునా సాయంత్రం స్ట్రెచింగ్ ఆపొద్దంది. కొత్తవి చేయాలంటే కాళ్ళ అచ్చు తీసే మనిషి బెజవాడ నుంచి వచ్చే నెల గాని రాడట. వచ్చినా ఏం లాభం? మాది ఒక్క గది ఇల్లు. స్ప్లింట్లు అత్తయ్య కంటపడకుండా తొడిగేదెక్కడ? స్వస్థత పొందిన కాళ్ళకి మళ్ళీ అవి కడితే విశ్వాసం లేనట్టేనని ఆవిడ ఊరంతటికీ చెప్పి ఉన్నారు.

మార్చి 11, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక జాయ్సీని నిలబెట్టి మడమ కింద వేలు దూర్చి చూశాను. దూరింది.

మార్చి 14, బుధవారం

స్నానం చేయిస్తూ దొంగతనంగా పాదం పైకి వంచబోయాను. ఇంట్లో నాకున్న చాటు ఆ స్నానాల తడిక ఒక్కటే. పిల్ల కాలు లాగేసుకుంది. వద్దమ్మా, బాగైపోయాక మళ్ళీ అలా చేస్తే యేసయ్య బాధపడతాడంట, మామ్మ చెప్పింది అంది. ఒళ్ళు మండిపోయింది. అత్తయ్య మీదా, నా మీదా, అందరి మీదా. చెంబు విసిరేశాను. పిల్ల బెదిరిపోయింది. మళ్ళీ నేనే ఎత్తుకుని ఏడ్చాను.

ప్రభువా, నువ్వు నడిపించావా తహసీన్ నడిపించిందా అని నేను అడగను. ఇద్దరూ కలిసి చేసినా నాకేం అభ్యంతరం లేదు. దాని మడమ మాత్రం కిందికి దించు.

మార్చి 17, శనివారం

పిల్ల నడక చూపించి వస్తానని అత్తయ్యకి చెప్పి క్లినిక్‌కి వెళ్ళాను. తహసీన్ పాదం వంచి కొలిచింది. మళ్ళీ కొలిచింది. నాతో మాట్లాడకుండా కార్డు మీద రాసుకుంది. మాట్లాడని తహసీన్‌ని చూడడం ఇదే మొదలు.

చివరికి చెప్పింది. ఇంకా సాగుతోందండీ, కానీ రోజురోజుకీ బిగుస్తోంది, ఇలాగే వదిలేస్తే ఈస్టర్ వెళ్ళాక ఎముకల డాక్టరు గారికి చూపించాల్సిందే, కండ కోసి పొడుగు చేస్తారు, ఆ తర్వాత మళ్ళీ మొదట్నుంచీ మొదలు అంది. పాత స్ప్లింట్లు ఇప్పుడు దొరికినా సరిపోతాయట. అవి తెచ్చుకోండి, దణ్ణం పెడతాను అంది. ఆ పిల్ల నాకు దణ్ణం పెట్టడమేమిటి.

వచ్చేప్పుడు జాయ్సీ బస్సు మెట్ల దగ్గర మునివేళ్ళ మీద తూలి పడింది. పెదవి చిట్లింది. అత్తయ్య చూసి, నడక కొత్త కదమ్మా, పడుతుంది అన్నారు.

మార్చి 21, బుధవారం

ట్రెజరీ పని ఉందని హెడ్‌మాస్టర్ బడి మధ్యాహ్నమే వదిలేశారు. ఇంటికి వచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. తోశాను.

జాయ్సీ మూల చాప మీద నిద్రపోతోంది. అత్తయ్య నేల మీద కూర్చుని ఉన్నారు. చీర మోకాళ్ళ పైకి ఉంది. మోకాళ్ళు రెండూ వాచి ఉన్నాయి. పక్కన పెనం, వేడి ఉప్పు మూట. పళ్ళు బిగబట్టి కాపడం పెట్టుకుంటున్నారు. నన్ను చూసి మూట చీర కింద దాచేశారు. ఉప్పు అంత వేడిగా ఉంటే చీర కింద దాస్తారా ఎవరైనా? చుర్రుమంది కాబోలు, కళ్ళమ్మట నీళ్ళు.

నొప్పి పోలేదా అత్తయ్యా అన్నాను. ముందు లేదన్నారు. తర్వాత ఆవిడ అన్న మాట నేను చచ్చేదాకా మర్చిపోను. ఒక్కరోజు కూడా పోలేదమ్మా, పోయిందని మైకులో అనేశాను, ఇప్పుడు నొప్పి అంటే ఆ పాపానికి పిల్ల కాళ్ళు వెనక్కి పోతాయేమోనని పళ్ళ బిగువున ఓర్చుకుంటున్నాను అన్నారు. పిల్ల మడమ లేస్తోందని ఆవిడా చూశారట. తన నొప్పి వల్లే అనుకున్నారట.

ఇంక ఆగలేకపోయాను. నేల మీద కూలబడి అంతా చెప్పేశాను. క్లినిక్, గోడ, మట్టలాదివారం, దిష్టి. మడమ లేస్తున్నది మీ మోకాళ్ళ వల్ల కాదండీ, స్ప్లింట్లు లేక అన్నాను.

ఉప్పు మూట చల్లారిపోయింది. చివరికి, నా చేత దేవుడి పేరు మీద అబద్ధం చెప్పించావు విక్టోరియా అన్నారు.

లేచి చిక్కుడు పందిరి దగ్గరికి వెళ్ళిపోయారు.

మార్చి 22, గురువారం

నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టారు.

మార్చి 24, శనివారం

క్లినిక్‌కి బయల్దేరుతుంటే అత్తయ్య కూడా ఆటో ఎక్కారు.

తహసీన్ ఆవిడ మోకాళ్ళు కూడా చూసింది. నొప్పని కదలకుండా కూర్చుంటే తొడ కండ కరిగి నొప్పి ఇంకా పెరుగుతుందండీ మామ్మగారూ అని, మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి నొక్కి పట్టమంది. ఈవిడ బుద్ధిగా నొక్కారు. జాయ్సీ పక్కన చేరి, ఇంకా మామ్మా, ఇంకా గట్టిగా అని అజమాయిషీ.

మార్చి 25, ఆదివారం

చర్చిలో సాక్ష్యాల వేళ అత్తయ్య లేచారు.

నా మోకాళ్ళ నొప్పి పోలేదండీ అన్నారు. అక్కడితో కూర్చుంటారనుకున్నాను. కూర్చోలేదు. మా పిల్ల గూడెం వెళ్ళక ముందే నడిచిందండీ, నాకు తెలియదు, దేవుడే నడిపించాడు, ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోను, ఎక్కడ నడిపించాడో ఆ చోటు తప్పు చెప్పాను, స్ప్లింట్లు తీసేయమని ఆయన అనలేదు, నేనే తీసి తగిలించాను అన్నారు.

కోడలు దాచిందని అనలేదు. నేను తలెత్తలేదు.

ఎవరో దగ్గారు. వెనక ఆడవాళ్ళలో గుసగుసలు మొదలయ్యాయి. చెప్పిన సాక్ష్యం వెనక్కి తీసుకోవడం మా చర్చిలో ఎవరూ ఎరగరు. పాస్టరు విశ్వాసం గారు వేదిక దిగి వచ్చి, అమ్మగారికి కుర్చీ వేయండి, ఎంతసేపు నిలబడతారు అన్నారు. తర్వాత పాట ఎత్తుకున్నారు. సగం మందే పాడారు.

బయట ఇద్దరు ముగ్గురు మాతో మాట్లాడకుండా వెళ్ళిపోయారు. మా ఆయన మాత్రం ఇంటికి రాగానే చొక్కా విప్పి, చిక్కుడు పాదు పక్కకి తప్పించి వెదుళ్ళు పీకడం మొదలుపెట్టారు.

మార్చి 31, శనివారం, తాడేపల్లిగూడెం బస్టాండు

ప్రార్థన హాలు చూసుకునే మనిషి స్ప్లింట్లు అడిగితే కాదనలేదు. స్టూలు వేసి, చూసి తీసుకోండమ్మా అన్నాడు. నేను ఎక్కుతానన్నాను. తగిలించింది నేను, తీసేదీ నేనే అని ఆ మోకాళ్ళతోనే అత్తయ్య ఎక్కారు. నేను స్టూలు పట్టుకున్నాను. దుమ్ము పట్టిన స్ప్లింట్లు దించి జాయ్సీ చేతికిచ్చారు. అది అక్కడే నేల మీద కూర్చుని కాళ్ళు చాపింది.

వెనక ఎవరో ఒకావిడ, ఎదిగిన కొడుకుని చంకనెత్తుకుని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో. ఏవండీ, ఆ పక్కనున్న నీలం బెల్టులవి కూడా కాస్త అందిస్తారా, మా వాడివి అంది.

దిగబోతున్న అత్తయ్య ఆగారు. మళ్ళీ పైకి చెయ్యి చాపి, ఇవేనా అమ్మా అని అడిగారు.