అన్నయ్య వీపు చాటు

వదినకి,

కోపంగా రాస్తున్నాను కాబట్టి "ప్రియమైన" అన్న మాట ఇక్కడ రాయడం లేదు. మనసొప్పితే చివర్లో రాస్తాను.

ఆట మధ్యలో వాదించకూడదు, నీ తీర్పు నచ్చకపోతే కాగితం మీద రాసి పాచికల డబ్బాలో వెయ్యాలి అని మన బల్లకి నియమం పెట్టింది నువ్వే. ఆట నడిపేదానివి కదా, నీ మాటే శాసనం. సరే, రాస్తున్నాను.

శనివారం ఏం జరిగింది? మనం తలా ఒక పాత్ర వేసి ఆడే ఆ కథలో అందరం గోదాములో చిక్కుకున్నాం. నా దొంగ పొట్టి జాతి మనిషి, నిలబడితే మూడడుగులు. అన్నయ్య యోధుడు తలుపంత ఉంటాడు. అతని వెనక నక్కి, బాణం వేసి, మళ్ళీ నక్కుతానన్నాను. ఆరు వారాలుగా చేస్తున్నదే. పాచిక కూడా ఇరవైకి పద్దెనిమిది పడింది. నువ్వు మాత్రం ఒప్పుకోలేదు. "చాటు వేరు, నక్కడం వేరు. ఆ వీపు నీకు దెబ్బ తగ్గిస్తుంది, అంతే. నువ్వక్కడే ఉన్నావని కావలివాడు చూస్తూనే ఉన్నాడు. ఎన్నాళ్ళే మీ అన్నయ్య వెనకాల దాక్కోవడం?" అన్నావు. అన్నయ్య నవ్వాడు. నేను లేచి వచ్చేశాను. నువ్వు గుమ్మం దాకా వచ్చి "ఆడలేక మద్దెల ఓడు" అన్నది కూడా విన్నాను.

ఇవాళ ఆదివారమంతా నియమాల పుస్తకం ముందేసుకున్నాను, నిన్ను ఓడించే వాక్యం కోసం. నక్కడం గురించిన అధ్యాయం మూడుసార్లు చదివాను. చూస్తున్నవాడి కళ్ళముందు నక్కలేవనే ఉంది. నువ్వే గెలిచావు.

కానీ వదినా, నాకు మంట పుట్టింది నియమం గురించి కాదు. "మీ అన్నయ్య వెనకాల దాక్కోవడం" అన్న ఆ మాట విని, నీకు అంతా తెలిసిపోయిందనుకున్నాను. రెండు నెలల కిందట మా కళ్ళద్దాల షాపులో ఒక బస్సు డ్రైవరు అద్దాలు బిగించింది నేను. కుడికంటి లెన్సు ఎడమ గడిలో, ఎడమది కుడి గడిలో పెట్టాను. గుండ్రటి ఫ్రేము కాబట్టి అనుమానమే రాలేదు. తనిఖీ చెయ్యాల్సిన అన్నయ్య భోజనానికి వెళ్ళాడు, ఆగే ఓపిక లేక తనిఖీ ముద్ర నేనే కొట్టేశాను. ఆ డ్రైవరు ఆ అద్దాలతో మెట్టు తప్పి పడ్డాడు, మోకాలు చిట్లింది. షాపుకొచ్చి కేకలేశాడు. యజమాని "ఎవరు చేశారిది?" అని అడిగితే, నేను నోరు తెరిచేలోపే అన్నయ్య "నేనే సార్" అన్నాడు.

పదిహేనేళ్ళుగా కూర్చున్న తనిఖీ బల్ల దగ్గర్నుంచి అన్నయ్యని లేపి, ముందుగదిలో ఫ్రేములు తుడవడానికి వేశారు. నీకేమో మెడనొప్పి వల్ల తనే మార్పించుకున్నానని చెప్పాడు. నేను రోజూ ఆ ఖాళీ కుర్చీ పక్కనే పని చేస్తున్నాను. సిగ్గుగా ఉంది వదినా.

రేపు షాపు తెరవగానే యజమానికి చెప్పేస్తాను. ఉద్యోగం పోతే పోనీ. పొద్దున అన్నయ్య బయల్దేరాక వచ్చి ఈ కాగితం డబ్బాలో వేసి వెళ్తాను. నువ్వు చదివేసరికి పని అయిపోయి ఉంటుంది.

ప్రియమైన వదినా. ఇదిగో, రాశాను.

నీ పిడుగు


పిడుగూ,

నా బంగారుతల్లీ, నాకేం తెలియదే! నేనన్నది ఆటలో మాట. గుమ్మడికాయల దొంగ అంటే నువ్వు భుజాలు తడుముకున్నావు.

ఇంకో సంగతి చెప్పడానికి చెయ్యి రావడం లేదు. నీ ఉత్తరం చదివాక నేనూ పుస్తకం తీశాను. మనిద్దరం నక్కడం అధ్యాయం చదివాం గానీ, జాతుల అధ్యాయం మర్చిపోయాం. పొట్టి జాతివాళ్ళు తమకంటే పెద్దవాళ్ళ వెనక, ఎవరు చూస్తున్నా సరే, నక్కవచ్చట. అక్షరాలా అలాగే ఉంది. ఆరు వారాలూ నీదే న్యాయం. తప్పు తీర్పు ఇచ్చింది నేను.

వెంటనే నీకు ఫోను చెయ్యబోయి గడియారం చూశాను. షాపు తెరిచే తొమ్మిది ఇంకా కాలేదు. నిన్ను ఆపడానికి సమయం ఉంది. అయినా ఫోను పెట్టేశాను. ఆపాలనిపించలేదు. నీకు నామీద కోపమొస్తే రానీ, ఏడుపొస్తే రానీ, నువ్వు చేస్తున్నది మంచి పని.

ఇక మీ అన్నయ్య మెడ సంగతంటావా, రెండు నెలలుగా రోజూ మందు రాసి మర్దనా చేస్తున్నాను! "అబ్బా, అక్కడే, కొంచెం గట్టిగా" అని మూలుగుతాడు కూడా. ఇంటికి రానీ, ఈసారి నిజంగానే నొప్పి పుట్టిస్తాను.

ఈ కాగితం నీ గది తలుపు కింద తోసి వెళ్తున్నాను. శనివారం రా. తీర్పు వెనక్కి తీసుకుంటున్నాను, హాయిగా ఆయన వెనకే నక్కు.

నీ వదిన


ప్రియమైన వదినా,

చూశావా, ఈసారి ముందే రాశాను.

యజమాని అంతా విని, "రెండు నెలలు పట్టిందా అమ్మాయ్?" అన్నాడు. ఆ ఒక్క మాటకే చచ్చిపోవాలనిపించింది. అన్నయ్యని పిలిపించాడు. ఆయన వస్తూనే నాకూ బల్లకీ మధ్య నిలబడి, "చెల్లెలు కదా సార్, నన్ను కాపాడాలని అబద్ధం చెబుతోంది" అన్నాడు. ఎంత సులువుగా అనేశాడో! నేను ఊరుకుంటే చాలు, అంతా మునుపటిలాగే ఉండిపోయేది. ఆ వీపు వెనక నుంచి నేను ఎవరికీ కనిపించనైనా కనిపించను.

"జరుగన్నయ్యా" అన్నాను. జరగలేదు. నేనే పక్కనుంచి ముందుకొచ్చి, ముద్ర కొట్టిన రోజు, వేళ, ఫ్రేము నంబరు చెప్పాను. అప్పుడు జరిగాడు. కళ్ళు తుడుచుకోవడం చూశాను, నీకు చెప్పొద్దన్నాడు, చెప్పేశాను.

రేపటి నుంచి తనిఖీ బల్ల మళ్ళీ అన్నయ్యది. ఫ్రేములు తుడిచే పని నాది, ఎప్పటిదాకానో యజమాని చెప్పలేదు. సాయంత్రం ఆ డ్రైవరు ఇంటికి వెళ్ళి క్షమించమన్నాను. ఆయన "అయ్యో, మీ అన్నయ్యని నానా మాటలూ అన్నానే" అన్నాడు. రేపు షాపుకి వస్తాడట.

ఇక శనివారం సంగతి. పుస్తకం ఒప్పుకున్నా సరే, నా దొంగ ఈసారి ముందు నడుస్తుంది. యోధుణ్ణి నా వెనక నిలబడమను. మూడడుగుల మనిషి చాటున తలుపంత మనిషికి ఎంత దెబ్బ తగ్గుతుందో పుస్తకంలో చూసి పెట్టు. నడుము దాకా అయినా చాలు.

నీ పిడుగు