ఆగడం మానేసిన పెట్టె

ఏలూరు,
బుధవారం.

అమ్మకు,

లహరి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను బాగున్నాను, మండవల్లిలో నాన్న కూడా బాగున్నాడు. మస్కట్‌లో నీ మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తున్నాను.

కాంతం పిన్ని తెచ్చిన నీ ఉత్తరం అందింది. నీ చేతిరాత చూడడం ఇదే మొదలు. పిన్ని దగ్గర ఇంత త్వరగా రాయడం నేర్చుకున్నావా అని చాలాసేపు ఆ కాగితం వంకే చూస్తూ కూర్చున్నాను. ఒత్తులు కొన్ని తప్పాయి గాని, అర్థం కాని మాట ఒక్కటీ లేదు. పిన్ని శుక్రవారం తిరిగి మస్కట్ వస్తోంది, ఆమె చేతికే ఇది ఇస్తున్నాను. ఫోన్లో అయితే నాన్న కూడా లైన్లో ఉంటాడు. ఆయన వింటుండగా చెప్పలేను.

హాస్టల్లో కూర ఎలా ఉంటోందని అడిగావు. అది ఏ కూరో తినకముందూ తెలియదు, తిన్నాకా తెలియదు. అయినా మానకుండా తింటున్నాను, బెంగ పెట్టుకోకు.

నా పనేమిటో విడమరిచి రాయమన్నావు. మా ఆఫీసు చేపల చెరువులకు పెట్టెలు తయారు చేస్తుంది. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే పెట్టె సైరన్ మోగిస్తుంది. కాపలా మనిషి లేచి, నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు తిప్పుతాడు. పెట్టె ఏం చేయాలో మేము ప్రోగ్రాము రాస్తాం. దాన్ని పెట్టెకు అర్థమయ్యేలా మార్చేది కంపైలర్. ఈమధ్య దానికి కొత్త వెర్షన్ వచ్చింది. ఒకే ప్రోగ్రామును పాతదానితోనూ కొత్తదానితోనూ తయారుచేసి, ఎంత వేగం పెరిగిందో కొలవమని మా సార్ శ్రీరామచంద్రగారు నాకు అప్పజెప్పారు.

కొలిస్తే పని సగం సమయంలో అయిపోతోంది! మళ్లీ మళ్లీ కొలిచాను, అదే లెక్క. సార్ ఆఫీసంతా స్వీట్లు పంచారు. మొదటి పెట్టెను బుల్లిరాజుగారి చెరువుకే, అంటే నాన్న కాపలా ఉండే చెరువుకే బిగించారు. ఇక ఒక్క మనిషి చాలని బుల్లిరాజుగారు నాన్నకు తోడుగా ఉండే దేవరాజును వేరే చెరువుకు పంపేశారు.

తెల్లవారకుండానే నాన్నకు రోజూ ఫోన్ ఎందుకు చేస్తున్నావు, ఒంట్లో బాగుందా అని రాశావు. బాగానే ఉంది. చెరువులో ఆక్సిజన్ పడిపోయేది ఆ వేళకే. నాన్నను లేపడానికి చేస్తున్నాను.

అమ్మా, ఆ పెట్టెకు వేగం పెరగలేదు. ఆక్సిజన్ కొలవడానికి నీళ్లలో ఉంచిన కడ్డీకి కరెంటు ఇచ్చాక కాసేపు ఆగితేనే అసలు అంకె వస్తుంది. తొందరపడితే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, ఇక సైరన్ మోగదు. అందుకని ప్రోగ్రాములో ఊరికే అంకెలు లెక్కపెడుతూ ఆగమని రాసి ఉంది. కొత్త కంపైలర్ ఆ లెక్క ఎందుకూ పనికిరాదనుకుని తీసేసింది. నేను కొలిచిన లాభమంతా అదే. పెట్టె ఆగడం మానేసింది.

తెలిసిన రోజే సార్‌కి చెప్పాను.

"ఆ ఆగడం తిరిగి పెడితే తేడా నూటికి మూడు కూడా రావట్లేదండి."

"సగానికి సగమని ఆకివీడు నుంచి తాడేపల్లిగూడెం దాకా చెప్పేశామమ్మా. ఇప్పుడు మూడంటే నవ్వరూ? ఈ సీజను గడవనీ."

"ఈలోగా చేపలు పోతేనో అండీ?"

"కాపలా మనిషి ఉన్నాడుగా."

ఆ మనిషి ఎవరో ఆయనకు తెలుసు.

ఆ వచ్చిన ఆదివారమే వెళ్లి నాన్నకు చెప్పాను. పడీ పడీ నవ్వాడు. "ఓసి పిచ్చిమొహమా! పరీక్ష రాసొచ్చిన ప్రతిసారీ తప్పుతానని ఏడ్చేదానివి, ఫస్టొచ్చేదానివి. ఇదీ అంతేలే. ఇన్నేళ్లకి కంటినిండా నిద్రపోతన్నానే, పోనియ్యి." ఆ మర్నాటి నుంచే ఫోన్ చేస్తున్నాను.

ఇక్కడిదాకా రాసి పెన్ను పక్కన పెట్టేశాను. మిగిలింది రాయడం కష్టంగా ఉంది.

పెట్టె బిగించిన రోజు బుల్లిరాజుగారు అందరి ముందూ నన్నే అడిగారు, "ఏమ్మాయ్, నమ్మొచ్చా దీన్ని?" అని. "నమ్మొచ్చండి" అన్నాను. నాన్న పక్కనే ఉన్నాడు. అప్పటికి నాకు తెలియదు, నిజమే. తెలిశాక కూడా బుల్లిరాజుగారి దగ్గరికి వెళ్లలేదు. సార్ మాటకు భయపడ్డాను.

నిన్న తెల్లవారుజామున నా ఫోనుకు లేచి నాన్న గట్టు మీదికి వెళ్తే, చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయట. పెట్టె మాత్రం కిక్కురుమనలేదు. పరుగెత్తి ఏరేటర్లు తిప్పాడు. చేపలు బతికాయి. బుల్లిరాజుగారు వచ్చి అడిగితే, "పెట్టె మోగిందండి, లేచానండి" అన్నాడట. నాకు ఫోన్ చేసి, "నీ పేరు పోకూడదు కదమ్మా, ఎవరికీ చెప్పలేదులే" అన్నాడు. ఆయన గొంతులో నవ్వు లేదు.

ఆ మాట నమ్మి బుల్లిరాజుగారు తన చెరువులన్నిటికీ పెట్టెలు పెట్టమన్నారు. అక్కడ కాపలా ఉండేవాళ్లను లేపడానికి ఎవరు ఫోన్ చేస్తారు? నేను నిజం చెబితే నాన్న అబద్ధమాడినవాడవుతాడు. ఇద్దరి పనీ పోవచ్చు. ఊరుకుంటే ఏదో ఒక చెరువులో చేపలు తేలతాయి, తిట్లు ఎవరో కాపలావాడికి పడతాయి. ఎటు తిరిగినా దారి కనపడలేదు.

రేపు పొద్దున్నే బుల్లిరాజుగారి ఇంటికి వెళ్తున్నాను. ఇది నువ్వు చదివేసరికి ఏదో ఒకటి అయిపోయి ఉంటుంది. నాన్నకు మాత్రం చెప్పలేదు. చెబితే నాకంటే ముందే అక్కడికి వెళ్లి, పెట్టె మోగింది గాని తనకే మెలకువ రాలేదని చెప్పి తప్పు తన మీద వేసుకుంటాడు.

ఇట్లు,
నీ కూతురు
లహరి